మద్దమ్మ అమ్మిన గలగరాకు

కరోనా సద్దుమణిగిన మరుసటి ఏడు. వానలు బాగా పడినాయి. కోడుమూరులో మాది ఎరువులు, పురుగుమందుల అంగడి. మా నాయన పెట్టినాడు, నేను నడుపుతున్నా. వానలు పడితే మాకు ఊపిరాడదు. పొద్దున షట్టరు ఎత్తేసరికే రైతులు పీకిన మొక్కలు చేతిలో పట్టుకుని నిలబడి ఉంటారు. "శెట్టప్పా, ఇదేం కలుపో చూడు, దీనికేం కొట్టల్ల?" అని.

మొక్కను గుర్తుపట్టకుండా కలుపుమందు ఇవ్వకూడదు. గడ్డిజాతికి ఒకటి, వెడల్పాకు మొక్కలకు ఇంకొకటి. ఇవి కాక నాన్ సెలెక్టివ్ అని మూడో రకం ఉంది. అది పంటా కలుపూ చూడదు, పచ్చగా ఉండేదాన్నంతా చంపుతుంది. అందుకే దాన్ని పంట మీద పడకుండా గట్ల మీద, కాలవ పక్కన కొట్టిస్తాం. ఆకు మీద పడి వేరు దాకా మెల్లగా దిగుతుంది. కొట్టినంక రెండు మూడు దినాలు ఆకు పచ్చగానే ఉంటుంది.

మొక్కలు గుర్తుపట్టే విషయంలో నాకు కొంచెం పొగరు ఉండేది, దాచుకోను. కంపెనీ పిల్లలు ఫోన్లో ఫోటోలు వెతికేలోపల నేను ఆకు నలిపి పేరు చెప్పేసేవాణ్ణి. వాళ్ళు నోరెళ్ళబెడితే నాకు కడుపు నిండేది.

నిజానికి ఆ విద్య మా అమ్మది. వానలు పడినంక ఆమె గట్లెంబడి కూరాకుకు పోతే నేను చొక్కా ఒడి చేసి ఆకు నింపుకుంటా వెనకాల నడిచేవాణ్ణి. ఎవరి చేను అని చూసే పనే లేదు. కాయ తెంపితే దొంగతనం. కూరాకు గిల్లుకుంటే మాత్రం ఎవరూ ఏమీ అనరు, ఎవర్నీ అడగనక్కరలేదు. అట్లా నడుస్తా నడుస్తానే పాఠం చెప్పేది. "ఇది గడ్డిచామంతి, పువ్వు పొడుగుకాడ మీద నిక్కి ఉంటాది, కూరకు పనికిరాదు. ఇది గుంటగలగర, తెల్లపువ్వు చిన్నది, కాడ కొంచెం ఎర్రగా ఉంటాది, ఆకు గరుకు. ఏదీ చెయ్యి, కాటుక పెడతా." కాడ తుంచి నా అరచేతిలో రుద్దేది. పసరు ముందు పచ్చగా ఉండి, చూస్తాండగానే నల్లబడేది. ఆ పూట గలగరాకు, ఎండుమిరపకాయలు, చింతపండు, వేయించిన బుడ్డలు, అదే వేరుశనగ గింజలు వేసి రోట్లో పచ్చడి నూరేది. జొన్నరొట్టెలోకి అంత రుచి మళ్ళీ నేను చూడలేదు.

మా అంగడి అరుగు పక్కన మద్దమ్మ గంప పెట్టుకుని కూరాకు అమ్ముతుంది. మా అమ్మతో కలిసి గట్లు తిరిగిన మనిషి. మొగుడు పోయినంక ఆ గంపే ఆమెకు ఆధారం. ఆ ఏడు ఒక సోమవారం పొద్దున పదింటప్పుడు అరుపులు వినపడి బయటికి వస్తి. బ్యాంకులో పనిచేసే ఒకాయన, బదిలీ మీద కొత్తగా వచ్చినాడు, మిగిలిన ఆకు ఉన్న ప్లాస్టిక్ కవరు చేతిలో పట్టుకుని ఊగిపోతున్నాడు. చుట్టూ జనం.

"నిన్న ఈమె దగ్గర గుంటగలగరాకు రెండు కట్టలు కొన్నాం. జుట్టుకు మంచిదని మా ఆవిడ ఎక్కడో చూసి పచ్చడి చేసుకుంది. నేను తినలేదు. రాత్రి నుంచి వాంతులే. ఆసుపత్రిలో సెలైన్ ఎక్కిస్తున్నారు. విషపు కలుపు, ఆ వయ్యారిభామ పీక్కొచ్చి అమ్మింది ఈ ముసలామె!"

"అయ్యో సామీ! యాభై ఏండ్లుగా పీకుతాండా. నాకు వయ్యారిభామ తెలీదా?" అని మద్దమ్మ మొత్తుకుంటోంది.

కూరగాయల అంగళ్ళోళ్ళు అప్పటికే తీర్పు చెప్పేసినారు. "రేపట్నుంచి ఈడ కూసోవద్దు మేయ్, మా బేరాలు కూడా చెడిపోతాయి" అని ఒకడు ఆమె గంపను కాలితో జరిపినాడు.

నాకు ఒళ్ళు మండింది. "కాలు తియ్యప్పా! కవరు ఇట్లా తెండి సార్" అంటి. ఆకు వాడింది కానీ ఇంకా పచ్చగానే ఉంది. కాడ తుంచి అరచేతిలో రుద్ది అందరికీ చూపిస్తి. కాసేపటికి నల్లబడింది. "వయ్యారిభామ ఆకు చీలికలు చీలికలుగా ఉంటాది. వయ్యారిభామ, గడ్డిచామంతి, ఇది, అన్నీ చామంతి కుటుంబమే, కానీ ఇది గలగరే. చిన్నప్పట్నుంచి తింటున్న ఆకు." మద్దమ్మ నా దిక్కు చూసి చేతులెత్తి మొక్కింది. నేను గెలిచినట్టే నిలబడితి.

"మరి మా ఆవిడకు ఎందుకు వాంతులు?" అన్నాడాయన.

ఊరికే అడిగినట్టు, "యాడ గిల్లినావు మద్దమ్మా?" అంటి.

"లింగన్న ఉల్లిగడ్డ మడి ఉండాదే, ఆ గట్టు మీదప్పా. కాలవ తడికి శానా ఏపుగా ఉన్నింది. నిన్న తెల్లారుజామున పోతి."

శనివారం మధ్యాన్నం లింగన్న నా దగ్గర్నే మూడో రకం మందు డబ్బా కొన్నాడు. గట్టు మీద కొట్టమని చెప్పింది నేనే. సాయంత్రమే కొట్టి ఉంటాడు.

అబద్ధం చెప్పను, నోరు మూసుకుందామా అనిపించింది. లింగన్న డబ్బా సంగతి అక్కడ నాకు తప్ప ఎవరికీ తెలీదు. ముసలామె ఏదో కలిపిందని జనం రెండు దినాలు అనుకుని మర్చిపోతారు. ఆమెకు కూర్చునే చోటు పోతుంది, నా అంగడి బాగుంటుంది. అరచెయ్యి చూసుకుంటి. మా అమ్మ పెట్టిన కాటుక మాదిరే నల్లగా ఉంది. తట్టుకోలేకపోతి.

"సార్, ఆకు తప్పు కాదు, ఈమె తప్పూ కాదు. ఆ గట్టుకు కలుపుమందు కొట్టినారు. ఇచ్చింది నేను, కొట్టమనింది నేను. ముందు ఆసుపత్రికి పోదాం పాండి, డాక్టరుకు మందు పేరు తెలియల్ల" అని, అదే రకం డబ్బా ఒకటి తీసుకుని ఆయన బండి ఎక్కితి. దారి పొడుగునా ఆయన నన్ను తిట్టినాడు. పడితి. డాక్టరు లేబులు చదివి చికిత్స మార్చినాడు. మూడో దినానికి ఆయన భార్య లేచి కూర్చుంది.

ఆ సోమవారం సాయంత్రమే లింగన్న ఉరుక్కుంటా వచ్చినాడు. "మందు కొట్టిన గట్టుకు గొడ్లను తోలొద్దంటివి, తోలలేదు. మనుషుల మాట నువ్వు చెప్పల్యా, నాకు తోచల్యా. కూరాకుకు వచ్చేటోళ్ళు మనకు చెప్పి వస్తారా శెట్టప్పా?" అన్నాడు. అడిగే పని లేని చోట చెప్పే అలవాటు కూడా ఉండదు. ఇరవై ఏండ్లుగా డబ్బాలు అమ్ముతూ గొడ్ల గురించి చెప్పినాను, గట్ల మీద తిరిగే ఆడోళ్ళ గురించి ఒక్కసారీ చెప్పలేదు. మా అమ్మ ఆ గట్ల మీద తిరిగిందే!

ఇప్పుడు ప్రతి డబ్బాతో నాలుగు ఎర్రగుడ్డ పేలికలు ఇస్తున్నా. కూరాకుకు వచ్చేటోళ్ళకు గుర్తుగా, కొట్టిన గట్టుకు కట్టెలు నాటి కట్టమంటా. కట్టనని మొండికేస్తే డబ్బా లోపల పెట్టేస్తా. మొక్కను గుర్తుపట్టడం మా అమ్మ నేర్పింది. అది పెరిగిన గట్టు ఎట్లాంటిదో అడగాల్సిన అవసరం ఆమె కాలంలో రాలేదు. ఆ సంగతి నాకు మద్దమ్మ కష్టం నేర్పింది.

మద్దమ్మ మళ్ళీ మా అరుగు పక్కనే కూర్చుంటోంది. కానీ వానాకాలంలో తెల్లారకముందే, ఖాళీ గంప చంకన పెట్టుకుని మా ఇంటి తలుపు కొడుతుంది. పిడికెడు కూరాకుకు ఏనాడూ ఎవర్నీ అడగని మనిషి గడప బయట నిలబడి, "అప్పా, ఈ పొద్దు ఏ దిక్కు పోవచ్చునప్పా?" అని అడుగుతుంది.