కంజిరకు సెగ చూపించిన రోజు

మా చిన్నప్పుడు ఆదోనిలో సంగీతం సారు ఇంట్లోకి వెళ్లాలంటే పక్కకు తిరిగి నడవాలి... గోడల పొడవునా వాద్యాలే. మృదంగాలు, డోలక్కులు, తబలాలు, తప్పెటలు, ఒక ఫకీరు ఇచ్చిన దఫ్... ఏ ఊరు వెళ్లినా చంకలో ఒకటి పెట్టుకుని వచ్చేవారు. పడుకోవడానికి చోటు లేదని ఆయన భార్య గొణిగితే, ఒక డోలక్కును జరిపి అక్కడే చాప పరుచుకునేవారు.

నాన్నకు పత్తి జిన్నింగ్ మిల్లులో పని దొరికి మేము పెద్దకడుబూరు నుంచి ఆదోనికి వచ్చిన ఏడాది జరిగిన సంగతి ఇది. నాకు పదకొండేళ్లు. సాయంత్రాలు నేనూ, పక్కింటి మాబున్నీ, ఇంకో నలుగురం సారు దగ్గర పాట, తాళం నేర్చుకునేవాళ్లం.

అన్నిటిలోకి ఆయనకు ప్రాణం ఒక చిన్న కంజిర. గుండ్రటి చెక్క చట్రం, ఒక వైపు పలచని ఉడుము తోలు, అంచున ఇత్తడి బిళ్లలు. ఆయన గురువుగారు చివరి రోజుల్లో చేతికిచ్చింది... మమ్మల్ని ముట్టుకోనిచ్చేవారు కాదు. అలాంటిది, ఆ ఏడు శ్రీరామనవమి భజనలో నన్ను వాయించమన్నారు. నెల రోజులు పీట మీద తాళం వేసి వేసి వేళ్లు ఎర్రబడ్డాయి.

నవమి సాయంత్రం సారు స్నానానికి వెళ్తూ, కంజిర సిద్ధం చేసి పెట్టమని నాతో అన్నారు.

మా ఊళ్లో అమ్మవారి దేవరకైనా, పీర్ల పండుగకైనా, తప్పెట కొట్టే ముందు తోలు బిగిసేలా చొప్ప మంట వేసి సెగ చూపిస్తారు. సిద్ధం చేయడమంటే నాకు తెలిసింది అదే... వంటింట్లో పొయ్యి ముందు కూర్చుని, రామనామం అనుకుంటూ, ఎంతో భక్తిగా తిప్పి తిప్పి సెగ చూపించాను.

టప్పుమని తోలు నిలువునా చీలిపోయింది.

అప్పుడే వచ్చిన మాబున్ని “ఏమే, జొన్నరొట్టె అనుకుంటివా?” అని నవ్వబోయి, నా మొహం చూసి ఊరుకుంది.

సారు తల తుడుచుకుంటూ వచ్చారు. చీలికను వేలితో మెల్లగా నిమిరారు. రేపటి నుంచి రావద్దంటారనే అనుకున్నాను.

“ఎవరు సెప్పినారు పాపా, ఇట్ల సెయ్యమని?”

“మా ఊర్లో తప్పెటకు ఇట్లే సేస్తారు సార్...”

ఆయన నా పక్కనే పొయ్యి ముందు కూర్చున్నారు. “తప్పెటకు నిప్పు కావల్లమ్మా. దీనికి నీళ్లు కావల్ల. లోపల రోంత తడిపితే సాలు... నేనే సెప్పకపోతిని.”

తర్వాత లేచి, చినిగిన తోలును చాకుతో శుభ్రంగా కోసేసి, ఖాళీ చట్రం నా చేతిలో పెట్టారు. “బిళ్లలుండాయి గదా. పట్టుకో.” గోడ మీది తప్పెట దింపి, దానికి సెగ చూపించే పని కూడా నాకే ఇచ్చారు.

ఆ సాయంత్రం భజనలో సారు తప్పెట వాయించారు. గుడిలో తప్పెట ఏమిటని ఒకరిద్దరు గొణిగినా, పాట ఊపందుకునేసరికి వాళ్లూ చప్పట్లు కలిపారు. ఆయన పక్కన తోలు లేని కంజిరతో నేను... ఆ గలగల రాముడికి వినిపించే ఉంటుందని నా నమ్మకం.

సారు దానికి మళ్లీ తోలు వేయించలేదు. అలాగే గోడకు తగిలించి, కొత్తగా వచ్చిన పిల్లలకు తప్పెట సంగతి, కంజిర సంగతి దాన్ని చూపించే మొదలుపెట్టేవారు. నా పెళ్లికి దాన్నే పసుపు గుడ్డలో చుట్టి తెచ్చిచ్చారు.

సారు ఇప్పుడు లేరు. ఎమ్మిగనూరులో మా దేవుడి గూట్లో ఆ చట్రం ఉంది... శనివారం హారతి వేళ ఆడిస్తుంటాను. మా వీధి గుడిలో సెల్లు నొక్కితే చాలు, మైకులో అన్ని వాద్యాలూ ఒక్కసారే మోగుతాయి. వినడానికి బాగానే ఉంటుంది... కానీ దేనికి నిప్పు కావాలో, దేనికి నీళ్లు కావాలో తెలుసుకోవలసిన పని ఎవరికీ లేకుండా పోయింది.

మీ ఊరి భజనలో ఏ వాద్యం మోగేది? రాయండి... తీరిగ్గా చదువుకుంటాను.