ఓపిక దేనికని అడిగిన వదినగారు

మా వదినగారు పన్నెండు రోజుల క్రితం, తెల్లవారుతుండగా, హిందీ మాట్లాడే ఈ ఉక్కునగరంలో, సెక్టర్ 7లోని కొడుకు క్వార్టరులో కన్నుమూశారు. పోయినవారికి తిలోదకాలతో పాటు కృతజ్ఞతను కూడా సమర్పించవలసిన దినమిది. శ్రద్ధతో చేసేదే శ్రాద్ధమని పెద్దలు చెప్పారు. ఆమె శ్రద్ధ ఎట్టిదో నాలుగు మాటల్లో చెప్పుకొనడమే నేను చేయగల తర్పణం.

ఉక్కు కర్మాగారపు ప్రయోగశాలలో నమూనాలు పరీక్షించి రిటైరైన మనిషి ఆమె. నేను బడిలో తెలుగు చెప్పినవాణ్ణి. ఆమె దేనినైనా పరీక్షించిగాని నమ్మేవారు కాదు. నాకు పద్యం వినిపిస్తే చాలు, నమ్మేవాణ్ణి.

నా మనవరాలు పుట్టినప్పుడు దాని పైచదువుకని ఒక పిల్లల ఫండులో నెలనెలా పొదుపు మొదలుపెట్టాను. ఫండు మంచిచెడ్డలు చూడలేదు. ఏజెంటు విజయనగరం వైపువాడు, మనవాడు. ఉత్పలమాల ఎత్తుకున్నాడంటే గది నిండిపోయేది. ఏటేటా వచ్చి ఒక పద్యం వినిపించి, కాఫీ తాగి వెళ్లేవాడు. మా ఊళ్లోనే ఖుర్సీపార్ పేటలో ఉన్న మన తెలుగువాళ్లు పదిళ్లవారూ అతని మాట మీద అదే ఫండు కొన్నారు. మనవాణ్ణి లెక్క అడగడం మర్యాద కాదనుకున్నాం.

మనవరాలు ఆరో తరగతికి వచ్చిన వేసవిలో వదినగారు ఆ కాగితాలు తెప్పించుకున్నారు.

“ఏటి మరిదీ, పదకొండేళ్లయింది. బ్యాంకులో పడుకోబెట్టినా ఇంతకంటే ఎదిగేది కదా!”

“మార్కెట్ పడిందట వదినా.”

“అన్నీ పడ్డప్పుడు ఇదీ పడితే తప్పు కాదు. అన్నీ లేచాక కూడా ఇది పడుకునే ఉంది, సూడు.”

అయినా తొందరపడలేదు. ఒక నమూనా విరిగిందని ఉక్కునంతా పారేయం, ఇంకో రెండు తీసి చూస్తాం అనేవారు. అట్లే ఒక్క ఏడాది కాక మూడేళ్లు, ఐదేళ్లు, పదేళ్లు చూశారు. ఆ కోవకే చెందిన తక్కిన ఫండుల పక్కన పెట్టి చూశారు. నిర్వహణ ఖర్చు కింద ఏటా ఎంత కోస్తున్నారో చూశారు. ఎటు చూసినా మాది వెనుకనే ఉన్నది. ఇదంతా మనవరాలిని పక్కన కూర్చోబెట్టుకొనే చేశారు, డబ్బు దానిది గనుక.

“పెద్దమామ్మా, ఫెయిల్ హో గయా క్యా?” అన్నది పిల్ల.

“సప్లిమెంటరీ కూడా రాయించీసేం. అందులోనూ పోయింది.”

ఆ ఆదివారం ఏజెంటును భోజనానికి పిలిచారు. కడుపునిండా పెట్టి, పద్యం చదివించుకొని మెచ్చుకొని, అప్పుడు కాగితం ముందుంచారు.

“దీదీ, ఇది లాంగ్ టర్మ్. ఓపిక పట్టాలి,” అన్నాడతను.

“పడతాం నాయనా. దేనికోసం పట్టాలో అది చెప్పు.”

నేను తల వంచుకున్నాను. మనవాడు నొచ్చుకుంటాడని నా భయం. రేపు పిల్ల చదువు ఆగిపోతే ఎవరు నొచ్చుకుంటారని ఆమె నన్ను ముందురోజే అడిగారు. అతను కాగితం అందుకొని వరుస వరుసా చదివాడు. “నిజం చెప్పమంటే, అమ్మిన తరవాత నేనూ తిరిగి సూడలేదు దీదీ.”

ఆమె కోప్పడలేదు. “ఇప్పుడు సూడు. ముందు మాది, తరవాత ఖుర్సీపార్ వాళ్లందరిదీ,” అని మరి కాస్త మజ్జిగ పోశారు.

కొత్త వాయిదాలు ఆ నెలలోనే ఆపించారు. పాత సొమ్మును, పన్ను ఎంత పడుతుందో చూసుకుంటూ, ఖర్చు తక్కువైన మరో ఫండులోకి విడతలుగా మార్పించారు. పోయిన కాలం తిరిగి రాలేదు. వచ్చిందని ఆమె బుకాయించనూ లేదు. ఇంకా ఆరేడేళ్లు మిగిలాయి కదా అన్నారు. ఏజెంటు ఆ పదిళ్లకూ తానే వెళ్లి ఉన్నదున్నట్టు చూపించాడు. ఇన్ని శాస్త్రాలు చదివిన ఇంట్లో ఆ ప్రశ్న అడిగినది ఆమె ఒక్కరే. ఆమె మా ఇంటి కోడలని చెప్పుకోవడం నాకు గర్వం.

ఇవాళ బంధువులు లేచి వెళ్లాక, ఎనిమిదో తరగతికి వచ్చిన మనవరాలు ఫోను పట్టుకొని నా పక్కన చేరింది. “తాతయ్యా, కొత్త ఫండ్ కూడా ఈ ఏడు కొంచెం వెనకపడింది. మిగతావి ఎలా ఉన్నాయో చూద్దామా క్యా?” దాని వేలు ఒక్కొక్క వరుస మీద ఆగి ఆగి కదులుతున్నది.

తల్లీ, నీకూ, నీ తరువాత ఈ ఊళ్లో పుట్టబోయే పిల్లలందరికీ, అయినవాళ్లను సైతం అన్నం పెట్టి ప్రశ్నించగల ధైర్యం కలుగుగాక. కోరిన చదువు మీకు అందుగాక.