దుమ్ము పట్టిందనుకుంది

రాయి. పేర్లు మాత్రం పెట్టమాకు. నాదీ వద్దు, ఊరిదీ వద్దు. తొమ్మిదేళ్ళ నుంచీ ఒక మాట నా గొంతులో అడ్డం పడి ఉంది. మింగలేకపోయా, కక్కలేకపోయా. ఇవాళ కక్కుతున్నా. చదివేవాళ్ళు తిట్టుకుంటే తిట్టుకోండి. మంచిదాన్ని అనిపించుకోడానికి చెప్పట్లా నేను.

మా ఇంట్లో ఒక నవ్వులకథ ఉంది. మా కోడలు కాపరానికొచ్చిన కొత్తలో, ఖరీదైన మోటారుసైకిల్ని ఇత్తడి బిందె అనుకుని చింతపండేసి తోమిందని. ఏ పెళ్ళిలో నలుగురం కూర్చున్నా ఎవరో ఒకరు ఎత్తుతారు. ఈ రాసే పిల్ల, నా కూతురి కూతురు, ఇదీ నవ్వింది. నవ్వలేదా ఏందే? నవ్వావు. పొట్ట పట్టుకుని నవ్వావు.

ఆ బండి తోమింది మీ అత్త కాదు. నేను.

చెయ్యి ఆపకు. రాయి.

ఆ బండి నా తోడికోడలి కొడుకుది. వాళ్ళది పక్కిల్లే, మధ్యలో గోడ. మిర్చి మంచి రేటు పలికిన ఏడు కొన్నాడు. సినిమావాళ్ళు తిరిగే కార్లు చేసే కంపెనీ ఒకటి, బైకుల కంపెనీతో కలిసి చేసిందంట. లోకం మొత్తానికి ఇన్నే అని చేసి ఆపేశారంట. ఒక్కోదానికీ ఒక్కో నంబరు చెక్కారు. సీటుకి కూడా ఆ కార్లలో వేసే తోలేనంట. పెళ్ళికొడుకుని ఊరేగించినట్టు ఊరంతా తిప్పాడు. వాళ్ళ వసారా నిండా మిరపకాయ బస్తాలుంటే, తెచ్చి మా వసారాలో పెట్టాడు.

దాని రంగు చెప్పాలి మీకు. బూడిద గుమ్మడికాయ మీద పొడి ఉంటది చూడండి, అట్టా మసగ్గా ఉంటది. కొత్తదాన్ని చూస్తే పాతదిలా ఉందేంటని నేనే అడిగా. వాడు నవ్వి, "పెద్దమ్మా, దీని గొప్పే అది. గుడ్డ పెట్టి గట్టిగా రుద్దకూడదు. రుద్దితే మెరుపొస్తది. మెరుపొచ్చిందంటే పాడైపోయినట్టే," అన్నాడు.

నాకు చెప్పాడు. నాకే చెప్పాడు. అది గుర్తుపెట్టుకోండి.

అప్పుడే చెయ్యేసి చూడబోయా. గోడ అవతల నుంచి నా తోడికోడలు అరిచింది. "అక్కా, అక్కా! ముట్టుకోమాకు. మిరపకాయల చేతులు నీవి, మంటపుట్టి చచ్చుద్ది బండి." కూలోళ్ళు కూడా నవ్వారు. వాళ్ళతోపాటు కూర్చుని పొద్దుటి నుంచీ మిరపకాయల ముచ్చికలు తీస్తన్నా నేను. ఆమెకి పురుట్లో టైఫాయిడొచ్చి లేవకపోతే, ఆ కొడుకుని మూడు నెలలు ఈ చేతులే ఎత్తినియ్యి. నీళ్ళు పోసినియ్యి. ఆ రోజు మంట పుట్టలేదే!

నాకు ఆమె అంటే ఇప్పటికీ పడదు. దాచేదేముంది.

రెండు రోజులకి సత్తెనపల్లిలో చుట్టాలింట్లో ఓణీల ఫంక్షన్. కార్లలో అందరూ పోయారు. మోకాళ్ళ నొప్పులని నేనాగా. నాకు తోడు కోడలాగింది. ఆ పిల్ల పొద్దున్నే దీపపు కుందులూ బిందెలూ తోమి, అన్నం తిని, లోపల పడుకుంది. తోమగా మిగిలిన చింతపండు గిన్నెలోనే ఉంది. పీచు ఉంది. పొయ్యి కింద బూడిద ఉంది.

కోపంలో చేశానా? కాదు. కోపమైతే కర్ర పుచ్చుకుని కొట్టేదాన్ని. నేను పీట వేసుకుని కూర్చుని, ట్యాంకు ఈ చివర నుంచి ఆ చివర దాకా, నిదానంగా, పూజసామాను తోమినట్టు తోమా. మెరుపొచ్చింది. మచ్చలు మచ్చలుగా, నూనె మరకల్లాగా. హాయిగా అనిపించింది నాకు. అబద్ధమెందుకు.

పొద్దుగూకే ముందు వాళ్ళొచ్చారు. వాడు బండి పక్కన గొంతుక్కూర్చుని ఆ మచ్చలు వేలితో తడిమాడు. తల్లి మాత్రం గోల గోల. మా కోడలి చెయ్యి పట్టుకుని వెలుగులోకి లాగింది. చింతపండుకి వేళ్ళ చివర్లు పాలిపోయి ఉన్నాయి.

"ఏమ్మాయ్, తోమింది నువ్వేనా?"

ఆ పిల్ల నోరు తెరిచింది. ఇంకా మాట రాలా. ఈలోపు నేనన్నా:

"పోనీలేవే, పిల్లకేం తెలుసు? దుమ్ము పట్టిందనుకుంది."

చూశారా? వెనకేసుకొచ్చినట్టే ఉంది గదా? ఎంత మంచి అత్త అని మా ఆయన కూడా అన్నాడు ఆ రాత్రి.

కోడలు నా చేతుల వంక చూసింది. తర్వాత నా మొహం వంక చూసింది.

"కనిగిరి మెట్టలో పుట్టినదానికి బండ్లేం తెలుసు, కుండలు తప్ప!" అంది నా తోడికోడలు. ఆ రంగు మళ్ళీ వేయించినా కంపెనీవాళ్ళు వేసినట్టు రాదంట, నంబరుకున్న విలువ పోయినట్టేనంట. కొన్నాళ్ళకి వాడు తెగనమ్ముకున్నాడు. దానికి నాకు బాధ లేదు. ఇప్పటికీ లేదు. ఇది కూడా రాయి.

వారానికి కోడలి నాన్నొచ్చాడు. బస్సు దిగి, ఎండలో నడిచి, మా ఇంటికి కూడా రాకుండా నేరుగా పక్కింటికి పోయాడు. తన కొడుకు వయసున్నవాడి ముందు రెండు చేతులూ జోడించి, "మా పిల్ల తెలీక చేసింది బాబూ," అన్నాడు. గోడ ఇవతల నేను బియ్యం ఏరుతున్నా. ఏరుతూనే ఉన్నా. లేవొచ్చు గదా? నాలుగడుగులు. నోరు తెరవొచ్చు గదా? మోకాళ్ళ నొప్పులని అప్పుడు కూడా అనుకున్నానేమో. ఆయన పోయి నాలుగేళ్ళయింది. ఆయనకింక చెప్పలేను.

ఇంకోటుంది. ఇదే అసలుది.

మా కోడలు డిగ్రీ చదివింది, కంప్యూటర్ నేర్చింది. ఆ బండిగలవాడు గుంటూర్లో కోల్డ్ స్టోరేజీ నడుపుతాడు. బండి గొడవకి ముందే, వాడి ఆఫీసులో ఆ పిల్లకి ఉద్యోగం ఇస్తానన్నాడు. ఆ పై నెల నుంచి అన్నమాట. నా కొడుకు కూడా సరేనన్నాడు, ఇద్దరూ గుంటూర్లో కాపరం పెడదామనుకున్నారు. ఆ పిల్ల రెండు కొత్త చీరలు కూడా కొనుక్కుంది. బండి గొడవయ్యాక వాడు, "బండే తుడవడం రానిదానికి ఆఫీసా," అన్నాడు. అంతే.

ఇన్నేళ్ళూ నాకు నేను ఏం చెప్పుకున్నానంటే, భయపడి అన్నా, నోరుజారి అన్నా అని. జారిందా? ఆ పిల్ల నోరు తెరిచి నేను అందుకునే లోపల, ఆ రెప్పపాటులో, నాకు గుంటూరు గుర్తొచ్చింది. ఈ పిల్ల పోతే పొద్దున్నే నాకు కాఫీ ఎవరిస్తారు, నా మోకాళ్ళకి నూనె ఎవరు రాస్తారు అని గుర్తొచ్చింది. గుర్తొచ్చాకే అన్నా. బండిని మెరిపించింది తోడికోడలి మీద కసితో. ఆ మాట అన్నది కోడల్ని ఇంట్లో కట్టేసుకోడానికి.

తొమ్మిదేళ్ళుగా అదే నాకు కాఫీ ఇస్తంది. ఇప్పుడు కూడా వంటింట్లో అదే ఉంది. వాళ్ళంతా ఆ కథ చెప్పి నవ్వుతుంటే, అదీ చిన్నగా నవ్వుతది. ఒక్కసారి కూడా నన్నడగలా. అడిగితే బాగుండేది. తిడితే ఇంకా బాగుండేది. తెలిసే ఊరుకుందా? కొత్త కోడలి మాట ఎవరు నమ్ముతారని ఊరుకుందా? నాకు తెలీదు. క్షమించమని అడగను. అడిగితే ఆ పిల్ల "పోనీలే అత్తయ్యా" అనాల్సొస్తది. అది కూడా దాని చేత చేయించుకోవాలా నేను?

ఏడవకు. రాయాల్సింది ఇంకా ఉంది. ముత్యాల్లాగా రాయి ఈ ముక్క: దుమ్ము పట్టిందని ఎవరూ అనుకోలేదు. రుద్దితే పాడవుద్దని తెలిసే నేను రుద్దాను. నా కోడలు ఆ బండిని వేలితో కూడా ముట్టుకోలేదు.

రాశావా? గట్టిగా చదువు. వంటింట్లోకి వినపడేట్టు చదువు.