ఎర్రకప్పు ఇంటికో పక్కిల్లు

ఆ రోజుల్లో ప్రపంచం గురించి నాకు ఖాయంగా తెలిసిన సంగతి ఒక్కటే. నేల ఉన్నచోటల్లా మనుషులుంటారు. ఇదేదో పుస్తకాల్లో చదివి తెలుసుకున్నది కాదు, ఉద్దానంలో పుట్టడం వల్ల వచ్చిన జ్ఞానం. మా ఊరు అక్కుపల్లికి ఇవతల, జీడితోటల్లో ఉంటుంది. చిన్నప్పుడు అమ్మ మీద అలిగి, ఎవరికీ కనబడకుండా ఏడుద్దామని తోటలోకి పరిగెత్తి ఓ చెట్టు కింద కూలబడితే, నాలుగు వెక్కిళ్లు అయ్యేలోపే పైకొమ్మ మీంచి ఓ గొంతు "ఎవుల గుంటవే? ఎందుకేడుత్తన్నావ్?" అని అడిగేది (గుంట అంటే మా వైపు ఆడపిల్ల). ఇంకో చెట్టు మీంచి ఇంకో గొంతు మా నాన్న పేరు చెప్పి, మా అమ్మ పుట్టిల్లు చెప్పి, నేనెందుకు అలిగి ఉంటానో కూడా చెప్పేది. ఒంటరిగా ఏడవడానికి కూడా ఖాళీ స్థలం దొరకని ప్రాంతం మాది. అలాంటి చోట పెరిగినదాన్నని కూడా చూడకుండా, చదువవగానే అమెరికాలో జనం లేని ఒక జిల్లాను నా చేతిలో పెట్టారు. (నేను అమెరికా వెళ్లలేదు. అమెరికానే పలాస వచ్చింది.)

పలాసను ఆనుకునే ఉన్న కాశీబుగ్గలో ఒక జీడిపప్పు ఫ్యాక్టరీ మేడమీద కొత్తగా కంప్యూటర్ల ఆఫీసు పెట్టారు. కింద జీడిపిక్కలు కాలుతుంటే పైన మేము అమెరికాను గీసేవాళ్లం. ఆకాశం మీంచి తీసిన ఫొటోలు తెర మీద పెట్టుకుని, ఇల్లు కనబడితే ఇంటి చుట్టూ, రోడ్డు కనబడితే రోడ్డు వెంట, చెరువు కనబడితే చెరువు గట్టు మీద మౌసుతో గీత గీయడం మా పని. ఆ గీతలతో అక్కడి కంపెనీవాళ్లు మ్యాపులు చేసుకుంటారు. మా ఇన్‌చార్జిని అందరం జూమ్ మాష్టారు అనేవాళ్లం. ఏ సందేహం అడిగినా ఆయన దగ్గర ఒకటే సమాధానం, "జూమ్ చెయ్యమ్మా, అదే తెలుస్తాది." తలా ఒక జిల్లా ఇచ్చారు, అక్కడ దాన్ని కౌంటీ అంటారట. మొదటి జిల్లా బాగా గీస్తే ఉద్యోగం ఖాయం, లేకపోతే దణ్ణం పెట్టి మెట్లు దిగడమే. మెట్లు దిగితే నాకు హైదరాబాదు తప్పదు. "ఇక్కడ నిలబడితే సరే, నేదంటే మీ చిన్నాన్న కూతురున్న హాస్టలుకి ఎల్లిపోవాల," అని నాన్న ముందే తేల్చేశారు. నా పేరు కూడా తెలియని కోటి మంది మధ్య ఎలా బతకడమని నాకు ఒకటే గుబులు. అందుకే ఆ జిల్లాను పరీక్ష పేపరు కన్నా భక్తిగా అందుకున్నాను.

తీరా చూస్తే అందులో ఏమీ లేదు. ఇచ్ఛాపురం నుంచి టెక్కలి దాకా, కొండల నుంచి సముద్రం దాకా మన నేలంతా పరిచినా ఇంకా మిగిలేంత పెద్దది. పడమట బోడి గుట్టలు, తూర్పున గడ్డి, మధ్యలో వానాకాలం మాత్రమే పారే ఒక ఏరు. స్కేలు పెట్టి గీసినట్టు ఒకే ఒక రోడ్డు. ఆ రోడ్డు పక్కన ఒకే ఒక ఊరు. అందులో జిల్లా కచేరీ, చర్చి, పెట్రోలు బంకు. అంతే, జిల్లా అయిపోయింది. "మాష్టారూ, ఫొటో సగమే వచ్చినట్టుంది, జనం ఉన్న ముక్క రాలేదేమో," అన్నాను. ఆయన వచ్చి జూమ్ చేసి, వెనక్కి లాగి, మళ్లీ జూమ్ చేసి, "పూర్తిగానే వచ్చిందమ్మా. ఈ జిల్లా మొత్తం జనం మన కాశీబుగ్గ బస్టాండులో ఓ మూల సరిపోతారు," అన్నారు. నేను నమ్మలేదు. ఇంత నేల పెట్టుకుని మనుషులు రాకుండా ఉంటారా? ఎక్కడో ఉండే ఉంటారు, వెతకాల్సింది నేనే అనుకున్నాను.

ఆ వెతుకులాటలో దొరికింది ఎర్రకప్పు ఇల్లు. జిల్లాకి సరిగ్గా నడుమ, గడ్డిలో ఒక్కటంటే ఒక్కటి. కాశీబుగ్గలో నేను మా పెదమ్మ ఇంట్లో ఉండేదాన్ని. సాయంత్రం ఇంటికి వెళ్లి ఆ ఇంటి సంగతి చెప్పాను, అదే నేను చేసిన పొరపాటు. మా పెదమ్మకి వీధి మొత్తం మీద తెలియని ఇల్లు లేదు, తెలియని కూర లేదు. మర్నాడు మధ్యాహ్నం అన్నం కేరేజీ పట్టుకుని నేరుగా ఆఫీసుకే వచ్చేసింది. జూమ్ మాష్టారు ఆమెకి వరసకి అల్లుడు అవుతారు కాబట్టి, "ఇది బయటివాళ్లు చూడకూడదత్తా," అని గొణిగారే గానీ కుర్చీ మాత్రం తనే తెచ్చి వేశారు.

"ఈ ఇంటికి పక్కిల్లేదే?" అని అడిగింది పెదమ్మ, తెర మీద వేలు పెట్టి.

"లేదు పెదమ్మా."

"ఎనకిల్లు?"

"అదీ లేదు."

"ఓలమ్మో! కూరలో ఉప్పు సాలకపోతే ఎవుల్నడుగుతాదే ఆ ఇల్లాలు? పేరంటానికెవుల్ని పిలుత్తాది?" అని కాసేపు ఆలోచించి, "పోనీ, దెబ్బలాటకైనా ఒక మడిసి ఉండాల గదే! మొగుడితోనే ఎన్నాళ్లు దెబ్బలాడతాది?" అంది. జూమ్ మాష్టారు దగ్గు వచ్చినట్టు నటించి పక్క గదిలోకి వెళ్లిపోయారు.

అప్పటి నుంచి నాకు అన్నం సయించలేదంటే అబద్ధమవుతుంది (పెదమ్మ వంట అలాంటిది) గానీ, ఆ ఇల్లాలికి ఎలాగైనా ఒక పొరుగు వెతికిపెట్టాలని గట్టి పట్టు మాత్రం పుట్టింది. వెతికినవాళ్లకి దొరక్కపోతుందా? గడ్డిలో అక్కడక్కడ గుండ్రంగా, వెండిలా మెరుస్తూ ఏవో కనబడ్డాయి. నాకు క్షణంలో అర్థమైపోయింది. మంచినీళ్ల ట్యాంకులు! మా దగ్గర ట్యాంకు కనబడిందంటే దాని కింద ఒక పంచాయతీ ఉన్నట్టే, నీళ్ల కోసం బిందెలు, బిందెల వెనక దెబ్బలాటలు, అన్నీ ఉన్నట్టే. వాటి పక్కనే వరసగా పొడుగాటి కప్పులు. అవి కూడా చూడగానే పోల్చేశాను. మా తీరం వెంట తుపాను తర్వాత కట్టించిన కాలనీలు అచ్చం ఇలాగే ఉంటాయి, ఒకే కప్పు కింద ఇన్నేసి ఇళ్లు. ఇంకేముంది, ట్యాంకు ఉన్నచోటల్లా ఒక ఊరు కట్టాను. కాలనీకీ కాలనీకీ మధ్య గడ్డిలో సన్నటి చారలుంటే కాలిబాటలని గీశాను. వారం తిరిగేసరికి నా జిల్లా కళకళలాడిపోయింది.

మిగిలింది ఎర్రకప్పు ఇల్లు. దానికి కాస్త దగ్గర్లో ఒక కాలనీ అయితే దొరికింది గానీ, మధ్యలో చార లేదు. పెదమ్మ మళ్లీ కేరేజీతో వచ్చి, తెరకి ముక్కు ఆనించి చూసి, "గెడ్డిలో కనబడదు గానీ ఉంటాదే. ఆడమనిసున్న ఇంటికీ పక్కింటికీ దారి నేకుండా ఎక్కడైనా ఉంటాదేటి? గీసీయ్," అంది. ఆ వాదంలో నాకు లోపం కనబడలేదు. గీసేశాను.

జిల్లా పంపించాక, ఒక సాయంత్రం అమెరికా నుంచి తనిఖీ చేసే పెద్దమనిషి వీడియోలో వచ్చారు. తెల్లమీసాలు, ఎర్రటి మొహం. జూమ్ మాష్టారు ఇస్త్రీ చొక్కా వేసుకుని నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నారు. తెర మీది పెద్దమనిషి మాటలు నాకు సగం అర్థమయ్యాయి, నా కొంప మునగడానికి ఆ సగమే చాలు. నేను ట్యాంకులనుకున్నవి ధాన్యం పోసుకునే రేకు గాదెలట. పొడుగు కప్పుల్లో కొన్ని ట్రాక్టర్ల షెడ్లు, మిగతావి కోళ్ల కొట్టాలు, పందుల కొట్టాలు. కాలిబాటలు ఆవులు నీళ్లకి వెళ్లే దారులు. అంటే ఉద్యోగం కోసం నేను కట్టిన ఊళ్లలో కోళ్లూ పందులూ తప్ప ఓటున్నవాడు ఒక్కడూ లేడు. "మా దేశంలో ఎవరూ చెయ్యలేనంతగా మీ అమ్మాయి ఆ జిల్లా జనాభాను పెంచేసింది," అన్నారాయన. జూమ్ మాష్టారు ఇస్త్రీ చొక్కా కాలరు వదులు చేసుకున్నారు. నా కళ్లముందు హైదరాబాదు హాస్టలు, అందులో ఇనపమంచం, దాని మీద నా సూట్‌కేసు కనబడ్డాయి.

"ఎందుకు ఊళ్లనుకున్నావు?" అని ఆయన నన్నే అడిగారు. పోయేది ఎలాగూ పోతోంది, నిజం చెప్పి పోదామని, నాకొచ్చిన ఇంగ్లీషులోనే మా దగ్గర ట్యాంకుంటే ఊరుంటుంది సర్ అని చెప్పాను.

"మరి ఎర్రకప్పు ఇంటి నుంచి ఈ దారేమిటి? అక్కడ ఏ గుర్తూ లేదే?"

"ఉప్పు అయిపోతే పక్కింటికి ఎలా వెళ్తారు సర్?"

ఆయన తెల్లమీసాలు తెర మీద అలాగే నిలిచిపోయాయి. నెట్ ఆగిపోయిందేమోనని జూమ్ మాష్టారు తెరను తట్టి చూశారు. తర్వాత ఆ పెద్దమనిషి నవ్వడం మొదలుపెట్టారు, కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ నవ్వారు. వాళ్లు ఉప్పుకి కారెక్కి గంట దూరం వెళ్తారట. ఆయన కూడా అలాంటి జిల్లాలోనే పుట్టారట. "నువ్వు గీసినట్టు మా దగ్గర ఇన్ని ఇళ్లుంటే, నేను చదివిన బడిని పిల్లల్లేక మూసేసేవాళ్లు కాదు," అన్నారు. ఆ మాట అన్నప్పుడు మాత్రం ఆయన నవ్వలేదు. నాకు ఎందుకో, నా ఉద్యోగం సంగతి మర్చిపోయి, ఆయన్ని మా ఊరి బడి దగ్గర ఒక్క పూట కూర్చోబెట్టాలనిపించింది.

చివరికి ఆయన జూమ్ మాష్టారితో అన్న మాట ఇది. "ఈ అమ్మాయి పెట్టిన పేర్లన్నీ తప్పు. కానీ జిల్లా మొత్తంలో ఒక్క కప్పు కూడా వదల్లేదు. కళ్లు మంచివి. ఏది ఇల్లో నేర్పించి మళ్లీ చేయించండి." ఆ రాత్రి నాన్నకి ఫోను చేసి ఉద్యోగం నిలబడిందని చెప్పాను. జనం సంగతి చెప్పలేదు.

తర్వాత వారమంతా నేను ఊళ్లు కూల్చాను. కట్టినప్పటి ఉత్సాహం కూల్చేటప్పుడు ఉండదు. ఇంటి దగ్గర పెదమ్మ దుఃఖం ఇంకో రకం. "అంత పొడుగిల్లు కోళ్లకేటే? మనుసులకి మటుకు పక్కిల్లుండదు, కోళ్లకి వరసిళ్లా?" అని రెండు రోజులు అమెరికా ప్రభుత్వాన్ని తిట్టింది. అన్నీ చెరిపేశాక ఆఖరున ఎర్రకప్పు ఇంటి దారి మిగిలింది. "అదొక్కటీ ఉంచీయే, ఎవులికేటి నష్టం?" అంది. ఉంచడానికి వీల్లేదు కదా, చెరిపేశాను.

ఇది మరీ పాత ముచ్చటేం కాదు. కానీ ఇప్పుడు ఆ ఆఫీసు ఏసీ ఉన్న కొత్త బిల్డింగులోకి మారింది, జూమ్ మాష్టారు రిటైరై మందసలో జీడితోట చూసుకుంటున్నారు, ఇతరుల గీతలు తనిఖీ చేసే కుర్చీలో నేను కూర్చున్నాను. నాకు మహా చెడ్డపేరు. దగ్గర్లో కారూ, రోడ్డు దాకా బాటా లేని కప్పును ఇల్లని గీస్తే ఊరుకోను. కాలిబాటలు గీయక్కర్లేదని రూలు రాసిందీ నేనే. పోయిన నెల ఆ జిల్లాకి కొత్త ఫొటోలు వచ్చాయి. అందరూ టీకి వెళ్లాక, అలవాటుగా నడిమధ్యకి వెళ్లి జూమ్ చేశాను. ఎర్రకప్పు ఉంది. దానికి కూతవేటు దూరంలో ఇంకో కప్పు ఉంది, నీలంది.

నమ్మకుండా అన్నీ చూశాను. గాదె లేదు. ముందు కారుంది. రోడ్డు దాకా బాటుంది. పెరట్లో ఆరేసిన బట్టల్లాంటివి కూడా ఏవో ఉన్నాయి. అప్పుడు కనబడింది, రెండిళ్ల మధ్య గడ్డిలో నడిచి నడిచి తెల్లబడిన సన్నటి దారి. ఒకప్పుడు నేను గీసి, చెరిపిన చోటనే. నా చెయ్యి ఫోను మీదకి దానంతటదే వెళ్లింది.

"పెదమ్మా! నీ ఎర్రింటికి పక్కిల్లొచ్చింది!"

"ఇల్లేనా? టేంకు కాదు గదా?"

"కాదు."

"కోళ్లు కావు గదా? సరిగ్గా సూడు."

"ఇల్లే పెదమ్మా. మధ్యలో దారి కూడా ఉంది."

"సెప్పలేదేటి నాను!" అని అరిచింది. ఫోనులోంచి వచ్చిన ఆ అరుపుకి, బయట వరండాలో టీ తాగుతున్న మా బ్యాచ్ వెనక్కి తిరిగి చూసింది.

సాయంత్రం ఇంటికి వెళ్లేసరికి వీధంతా నెయ్యి వాసన. పెదమ్మ జీడిపప్పు పాయసం కాచి, ఇంటింటికీ గిన్నె పంపించేసింది. పక్కింటి పిన్ని ఖాళీ గిన్నె తిరిగిస్తూ, "మీవోళ్లు అమెరికాలో ఇల్లు కట్టారట గదా, మాకు సెప్పనేలేదు!" అని నిష్ఠూరమాడింది. పెదమ్మ వైపు చూశాను. ఆవిడ ఏ మాత్రం తొణక్కుండా పాయసం తింటోంది. వాళ్లు మావాళ్లు కారని చెబుదామనుకున్నాను. కానీ కోళ్ల కొట్టాలను కాలనీలనుకుని, ఉప్పు అప్పుకి దారి గీసిన ఆ పాత గుంట నాలో ఎక్కడో ఇంకా ఉన్నట్టుంది, నన్ను మాట్లాడనివ్వలేదు.

"అవును పిన్నీ," అన్నాను. "ఇన్నాళ్లూ ఒక్కటే ఉండేది. ఇప్పుడు రెండయ్యాయి."