మాస్టరు వేసిన ఉప్పు

ఫ్యాక్టరీ క్యాంటీన్ వంటమాస్టరు పొగడ్తలంటే పడి చస్తాడు. సెలవు పెట్టి, ఒక్కడే స్కూటరు మీద సముద్రం పక్క రోడ్డు పట్టుకుని, కమ్మటి వాసన వచ్చిన చోటల్లా ఆగి, అలలు చూస్తూ కడుపారా తిన్నాడు.

ఆఖరి పాకహోటల్లో చేపల కూర అమృతంలా ఉంది. చెయ్యి కడుక్కుని వస్తూ, పొయ్యి మీది చిన్నగిన్నె మూత తీసి, అందులోని కూర రుచి చూశాడు. ఉత్త చప్పిడి. హోటలావిడ నీళ్లకు వెళ్లింది. అలవాటైన చెయ్యి ఊరుకోక ఉప్పు వేసి కలిపేశాడు.

ఆవిడ వచ్చి, ఆ కూర లోపల మంచం పట్టిన మొగుడికి పెట్టింది.

"ఇన్నాళ్లకు నోటికి రుచి తగిలిందే," అన్నాడాయన.

ఆవిడ కంచం లాక్కుని బయటికొచ్చింది. "ఉప్పు తింటే మనిషి దక్కడన్నాడు డాక్టరు. ఎవరేశారు?"

"నేనేనక్కా," అన్నాడు మాస్టరు, తలెత్తకుండా.

లోపల ఆయన ఇంకా బతిమాలుతున్నాడు. "ఒక్క ముద్ద పెట్టవే."