పేరు మీద బొటనవేలు

సబ్బవరం నుంచి అనకాపల్లి వచ్చే బస్సులో, నా పక్కన కూర్చున్న పెద్దాయన ఒక ఉత్తరం నా ముందు పెట్టి, అడుగున ఉన్న పేరును బొటనవేలితో మూసేశాడు.

"నాకు సదువు రాదు బాబూ. పేరొదిలేసి మిగతాది సదవండి."

పేరెందుకు వద్దని అడిగాను. ఆయన బెల్లం మార్కెట్లో మోతకూలీ. కూలీల సంఘం వాళ్ళు తలా కొంత వేసుకుని ఏటా ఒకరికి సాయం చేస్తారట. పేరు తెలియకుండానే ఎవరికివ్వాలో చెప్పాలన్నది వాళ్ళ కట్టుబాటు. ఈ ఏడు చెప్పే వంతు ఆయనది; మిగతా ఉత్తరాలు అప్పటికే చదివించుకున్నాడు, ఇదే ఆఖరిది. ఆ సాయంత్రమే మీటింగు.

చదివాను. నడవలేని తన కూతురు కాలేజీకి వెళ్ళడానికి మూడు చక్రాల బండి ఇప్పించమని ఒక తండ్రి రాసుకున్నాడు.

"ఈ పిల్లకే ఇయ్యాలండి" అంటూ ఆయన వేలు తీశాడు. పేరు చదివాను. ఆయన ముఖం మాడిపోయింది.

"తెలిసినవాళ్ళా?"

"ఒకప్పుడు మా మార్కెట్లో గుమస్తా. బెల్లం దొంగిలించేనని నా మీద అబద్దం సెప్పేడు. నాలుగు నెల్లు నన్నెవులూ పన్లోకి పిలవలేదు."

"మరిప్పుడేం చేస్తారు?" అడగకుండా ఉండలేకపోయాను.

ఆయన ఉత్తరం మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఊరు దగ్గరపడుతుండగా మళ్ళీ బయటికి తీసి, నా జేబులోని పెన్ను చూపించాడు.

"దీని ఎనకాతల రాయండి బాబూ. సేత్తో తిప్పే బండయితే పిల్ల సేతులు నొప్పెడతాయి. బేటరీది ఇమ్మన్నానని రాయండి."

రాసిచ్చాను. మీటింగులో ఏమైందో నాకు తెలియదు. ఈ ఊళ్ళో మూడు చక్రాల బండి ఎదురైతే మాత్రం, అది బ్యాటరీదేనా అని ఆగి చూస్తుంటాను.