మా అమ్మ కడుపులో పురుగు లేదు

మా అమ్మకు అక్షరం ముక్క రాదు. అయినా ఇన్నేళ్లుగా ల్యాబులో పనిచేస్తున్న నాకు పరీక్ష ఎవరెవరికి చేయాలో నేర్పింది ఆవిడే. ఈ మాట నలుగురిలో నిలబడి చెప్పమన్నా చెప్తాను.

అమ్మ బోరబండ నుంచి పుప్పాలగూడ వెళ్లి, ఒకే అపార్ట్‌మెంట్‌లో నాలుగిళ్లకు వంట చేస్తుంది. అందులో కడప వైపు వాళ్లది ఒక ఇల్లు. భార్యాభర్తలిద్దరూ సాఫ్ట్‌వేర్. వాళ్ల ఏడేళ్ల పాపకు ఫిట్స్ వచ్చాయి. స్కాన్ తీస్తే మెదడులో బద్దెపురుగు తిత్తి కనబడింది. సరిగ్గా ఉడకని పందిమాంసం తింటే ఆ పురుగు కడుపులో చేరుతుందని, అలాంటి మనిషి చేతులు సరిగ్గా కడుక్కోకపోతే దాని గుడ్లు పక్కవాళ్ల నోట్లోకి పోతాయని డాక్టరు చెప్పాడు. అంతే, మేడం చూపు అమ్మ మీద పడింది.

"మేము కోడిగుడ్డు కూడా ముట్టనోళ్లం. నువ్వు తప్ప ఇంకెవరు తెచ్చింటారు?"

సాయంత్రానికల్లా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో అమ్మ పేరు ఎక్కింది. మర్నాడు నాలుగిళ్ల వాళ్లూ రావద్దన్నారు.

నాకు ఒళ్లు మండిపోయింది. అమ్మ మాత్రం నన్ను వెంటబెట్టుకుని నేరుగా వాళ్లింటికే వెళ్లింది.

"నాకు పరీక్ష చేయించున్రి మేడం. గని నా ఒక్కదానికే ఎందుకు? ఇంట్ల అందరికి చేయాలె."

పాపను చూసే డాక్టరు కూడా అదే సబబన్నాడు.

ముందు రక్తం ఫలితాలొచ్చాయి. ఖర్మ, అమ్మకు యాంటీబాడీలు ఉన్నాయి. "చూసినారా?" అంది మేడం. నేను గొంతు పెంచాను. యాంటీబాడీ అంటే ఆ పురుగుతో ఒళ్లు ఎప్పుడో తలపడిందనడానికి గుర్తు. పందులు తిరిగే బస్తీల్లో అలాంటి గుర్తు చాలామందికి ఉంటుంది. ఇప్పుడు కడుపులో పురుగుందో లేదో తేల్చేది మలపరీక్షే.

అమ్మ ముసిముసిగా నవ్వింది. "అంటే నేను కొట్లాడి గెల్సిన్నన్నట్టే గద!"

వరసగా మూడు రోజులు అందరి డబ్బాలూ మా ల్యాబుకు వచ్చాయి. రేపు ఎవరూ వేలెత్తి చూపకూడదని నేను ఒక్కటీ ముట్టలేదు. పేర్లు తీసేసి, నంబర్లు వేయించి, మా సీనియర్ మేడం చేతికిచ్చాను. అమ్మ డబ్బాల్లో మూడు రోజులూ ఏమీ లేదు. పురుగు గుడ్లు కనబడింది పాప నాన్న డబ్బాలో.

ఆ కాగితాలతో మళ్లీ వాళ్లింటికి వెళ్లాం. ఆఫీసు పార్టీల్లో పోర్క్ ఫ్రై తినేవాడట, ఇంట్లో తెలియకుండా. పాపకు రోజూ పెరుగన్నం కలిపి ముద్దలు పెట్టేది ఆయనే. అది తలుచుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. నా కోపం సగం అక్కడే చల్లారింది.

"రేపట్నుంచి వస్తావా అమ్మా?" అని మేడం మెల్లగా అడిగింది.

"వస్త. గని గ్రూపుల నా పేరు రాసిన్రు గద. సారు పేరు రాయకున్రి, పిల్ల నలుగుట్ల తిరగాలె. నాకు లేదని మాత్రం రాయున్రి."

మేడం అక్కడే నిలబడి టైపు చేసింది. అమ్మ ఆ ఫోన్ తీసుకుని నా చేతిలో పెట్టింది.

"చదువు బిడ్డా," అంది. "జర గట్టిగ."